కేతో పుట్టిల్లు

మొజాయిక్ పనిలో కొత్తగా చేరేవాళ్లకి ముందే చెప్పాల్సింది ఒకటుంది. మీరు పెడుతున్న బొమ్మ మీకు కనిపించదు. రాతి ముక్కల్ని, గాజు ముక్కల్ని ముఖం కిందికి పెట్టి కాగితానికి అంటిస్తూ పోతారు. కాగితం మీది గీత కూడా అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది. రోజంతా కూర్చున్నా కనిపించేవి ముక్కల వీపులు, వేళ్లకంటిన బంక. అలా చేసిన షీట్లకి నంబర్లు వేసి, సైటుకి మోసుకెళ్లి, గోడకి అతికిస్తారు. గోడ మీది గమ్ము ఇంకా పచ్చిగా ఉండగానే పైన కాగితాన్ని తడిపి ఊడదీస్తారు. మీరు చేసిందేమిటో మొదటిసారి అప్పుడు చూస్తారు. మీ పక్కన నిలబడి ఇంటి యజమాని కూడా అప్పుడే చూస్తాడు.

ఈ పని నేను ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. మాది కోనసీమలో రాజోలు దగ్గర. పేరు సత్యనారాయణ, పిలిచేది సత్తిబాబు. పని చేసింది ఇక్కడ, అరబ్బు దేశంలో. వర్క్‌షాపు అమ్ఘరాలో ఉంది. ఒక పక్క తుక్కు ఇనుము యార్డులు, ఇంకో పక్క సిమెంటు ఇటుకల గోడౌన్లు. మొన్ననే మానేశాను. నడుం ఇక వంగనంటోంది. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెద్దమనిషి కాబట్టి ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, నెలాఖరు దాకా ఉంచాడు. మహబూలాలో ఆరుగురం ఉండే ఫ్లాటులో నా మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఎన్ని గోడలు చేశాను, ఎప్పుడు ఫోర్‌మన్నయ్యాను అన్నవి రాయను. అవి సర్టిఫికెట్లలో ఉన్నాయి, వాటిని ఎవరూ చదవరు. నాకు పని నేర్పిన రెండు తప్పుల గురించి రాస్తాను. చిన్నది ముందు చెప్పేస్తాను.

చేపలు

నాకు పని నేర్పినవాడు సిరియా నుంచి వచ్చిన ఉస్తాద్ సమీర్. మొదటి మూడు నెలలూ నాతో పట్టకారుతో గాజు ముక్కలు కొరికించడం తప్ప ఏమీ చేయించలేదు. ఊళ్లో ఫ్లోరు టైల్సు వేసి వచ్చినవాణ్ణి కదా, నాకన్నీ వచ్చుననే మిడిసిపాటు ఉండేది. నాలుగో నెలలో ఒక ఈతకొలను అంచుకి చేపల వరస ఇచ్చాడు. ఫోటో చూసి గీశాను, తిరగెయ్యడం మరిచిపోయాను. కాగితం ఊడాక చూస్తే మెట్ల వైపు రావాల్సిన చేపలన్నీ గోడ వైపు పోతున్నాయి.

ఆ ఇంటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. గీసిచ్చిన కాగితమే అలా ఉందని చెబుదామని నేను నోరు తెరిచాను. ఉస్తాద్ అంతకుముందే తన గుండె మీద చెయ్యి వేసుకుని, తప్పు మాదే, మగ్రిబ్ నమాజు లోపు, చీకటి పడకముందే, సరిచేస్తామని చెప్పేశాడు. గమ్ము పచ్చిగా ఉంది కాబట్టి చేపలు చేతికి ఊడొచ్చాయి. సాయంత్రానికి మళ్లీ పెట్టేశాం. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆయన నన్ను తిట్టలేదు. "కాగితం ఊడిన రోజే చెప్పు. మర్నాటికి గమ్ము రాయవుతుంది" అన్నాడు. నేను తల ఊపాను. పని గురించి చెబుతున్నాడనుకున్నాను.

ఉస్తాద్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఆయన మాట నాకు అర్థం కావడానికి ఇంకో గోడ కావలసి వచ్చింది.

వరసల సత్తిబాబు

ఆ రెండో తప్పు అర్థం కావాలంటే నాకున్న ఇంకో పేరు చెప్పాలి. మహబూలాలో మావాళ్లంతా నన్ను వరసల సత్తిబాబు అనేవారు. ఇక్కడున్న మగాళ్లకి ఇళ్ల దగ్గర సంబంధాలు కుదురుతుంటాయి, ఫోన్లలో కబురొస్తుంది, వరస కుదురుతుందో లేదో చెప్పే పెద్దవాళ్లు పక్కన ఉండరు. అందుకని శుక్రవారం భోజనాలయ్యాక నా మంచం దగ్గరికి వచ్చేవారు. "సత్తిబాబుగారూ, మా మేనత్త తోటికోడలి తమ్ముడి కూతురు మావాడికి ఏమవుద్దండీ?" నేను రెండు ప్రశ్నలు వేసి, మరదలు వరసో చెల్లెలు వరసో తేల్చేసేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఫోర్‌మన్ అన్న పేరు కంటే ఈ పేరంటేనే నాకు మురిపెం.

ఓబులేసు మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. రాయచోటి వైపు మనిషి, నలభై దాటాయి. అంతకుముందు ఐదేళ్లు ఎడారిలో గొర్రెలు కాశాడు. మాట్లాడే మనిషి లేక అక్కడ గొర్రెలకి పేర్లు పెట్టుకున్నానని చెప్పేవాడు. ముక్క కొరకడంలో వాడికున్న ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు. పాత కఫీల్ వాణ్ణి వదలడానికి ఒప్పుకున్నాడు. ఇఖామా మా కంపెనీ పేరు మీదికి మారడానికి మా మేనేజరు సంతకం ఒక్కటే మిగిలింది. "ఈ గోడ అయ్యాక చూద్దాం" అన్నాడు మేనేజరు. సంతకం పడితే వాడికి మాతోపాటు గది, పని, మనుషులు. పడకపోతే మళ్లీ ఎడారే. ఆ గోడ వాడికి అంత అవసరం.

మేనేజరు కేరళాయన. చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న సంతకాన్ని ఊరికే పెట్టకూడదని నమ్మే రకం. అలాంటివాళ్లు మీకూ దొరుకుతారు. వాళ్ల మీద కోపం పెంచుకోవడం దండగ.

నూరా అబ్లా గోడ

అబ్లా అంటే ఇక్కడ టీచరమ్మ. నూరా అబ్లా అహ్మదిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంటి కింద నేలమాళిగని పిల్లలు చదువుకునే గదిగా మార్చుకుంది. ఉద్యోగంలో ఉండగా ఏటా పిల్లల్ని పడవెక్కించి ఫైలకా దీవికి తీసుకెళ్లేదట. ఎప్పుడో గ్రీకులు వచ్చి కట్టుకున్న ఊరి పునాదులు అక్కడ ఉన్నాయి. అంత దూరం సముద్రం మీద వచ్చినవాళ్లు ఆ సముద్రాన్ని ఎవరనుకున్నారని పిల్లలు అడిగేవారట. దానికి జవాబుగా ఒక గోడ కావాలంది.

బొమ్మ తనే గీసుకుని అమ్ఘరాకి వచ్చింది. పెయింటు డబ్బా మీద పేపరు వేసుకుని కూర్చుని గంటసేపు చెప్పింది. ముఖాలు వద్దు, విగ్రహాలు వద్దు, ఒక్కొక్కరూ ఒక్కొక్క నీటి పాయ. అడుగున గాయా, అంటే భూమి, గోధుమరంగు రాయి. ఆమెకి తనంతట తానే పుట్టిన కొడుకు పోంటస్. త్రిశూలం పట్టుకుని తిరిగే సముద్ర దేవుడు చాలా తరవాతి తరం వాడట. పోంటస్ సముద్రానికి దేవుడు కూడా కాదు, ఆయనే సముద్రం. గాయాకీ పోంటస్‌కీ ఐదుగురు పిల్లలు. నీరియస్, థౌమస్, ఫోర్కిస్ అని ముగ్గురు మగపిల్లలు, కేతో, యూరిబియా అని ఇద్దరు ఆడపిల్లలు. ఈ ఇంటివాళ్లందరికీ ముదురు నీలం గాజు.

గోడకి ఎడమ అంచు నుంచి బూడిద కలిసిన పచ్చరంగులో ఇంకో పాయ వస్తుంది. అది ఓషియానస్, భూమి చుట్టూ తిరిగే నది. ఆయన కూతురు డోరిస్‌ని నీరియస్ చేసుకున్నాడు. వాళ్లకి యాభైమంది కూతుళ్లు, యాభై చిన్న అలలు. ఇంకో కూతురు ఎలక్ట్రాని థౌమస్ చేసుకున్నాడు. వాళ్ల బిడ్డ ఇంద్రధనుస్సు. యూరిబియా పాయ కుడి అంచు దాటి వేరే ఇంటికి పోతుంది. ఇద్దరు పెళ్లాడిన చోట రెండు పాయలు కలవాలి. ఎవరిది ఏ ఇల్లో రంగే చెప్పాలి. పేర్లు చిన్న అక్షరాల్లో పక్కన ఉంటాయి.

నాకు ఆ బొమ్మ ఎంత నచ్చిందో చెప్పలేను. అరబ్బుల ఇంట్లో గ్రీకుల వంశం, పెట్టేవాడు కోనసీమ వాడు. ఆ రాత్రి ఫ్లాటులో అందరికీ చూపించాను.

నేను చేసిన దిద్దుబాటు

ఆ బొమ్మని షీట్లుగా విడదీసేటప్పుడు చూశాను. మిగిలిన ఫోర్కిస్ పాయ వెళ్లి కేతో పాయతో కలుస్తోంది. రెండూ ముదురు నీలమే. రెండూ పోంటస్ నుంచే వస్తున్నాయి. అంటే అన్నాచెల్లెళ్లు.

గాయా సంగతి అంతకుముందే నా కంట్లో పడింది. కొడుకుతోనే పిల్లల్ని కనడమేమిటని ఒక క్షణం ఆగాను. భూమీ నీరూ కలిస్తే ఏదో ఒకటి పుడుతుంది, అది మనుషుల వ్యవహారం కాదని సర్దుకున్నాను. ఇది మాత్రం సర్దుకోలేకపోయాను. ఒక తల్లి కడుపున పుట్టిన ఆడపిల్లని అన్నకి కట్టబెట్టి పిల్లలు చదువుకునే గదిలో గోడకెక్కించడం నా వల్ల కాలేదు. అబ్లా పెద్దావిడ, గీసేటప్పుడు గీత పక్కకి పోయుంటుందని తేల్చేశాను. ఇద్దరు అన్నదమ్ములకి ఓషియానస్ ఇంట్లోంచే పిల్లలొచ్చారు. మూడోవాడికీ అక్కణ్ణుంచే తెస్తే ముగ్గురు అన్నదమ్ములకి ముగ్గురు అక్కచెల్లెళ్లు. మా వైపు ఇలాంటి సంబంధాలు కొల్లలు. నాలుగు షీట్లలో కేతో పాయ మొదలు మార్చి, దానికి బూడిదపచ్చ రంగు రాశాను. ఆ నాలుగు షీట్లూ ఓబులేసు చేతికిచ్చాను.

వాడు అబ్లా గీసిన బొమ్మనీ నేను గీసినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"అన్నా, ఆయమ్మ గీసిన దాంట్లో ఈ పాయ నీలం గదా?"

"బొమ్మ తప్పయ్యా. అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేసేత్తారా ఎక్కడైనా?"

"ఏమో అన్నా, మనకేం తెల్సు వాళ్ల సంగతి. ఒక ఫోన్ కొట్టి అడుగుదామా?"

"దీనికి ఫోనెందుకు? వరసలు నాకు తెలీవేంటి? ఆయ్, చెప్తున్నాను కదా, కొరుకు."

వాడు పట్టకారు తీసుకుని బూడిదపచ్చ గాజు కొరకడం మొదలుపెట్టాడు. మా దగ్గర ఎవరు అంటించిన షీటు మీద వాళ్ల గుర్తు వేస్తారు. వాడి గుర్తు చిన్న గొర్రెపిల్ల. నాలుగు షీట్ల వెనకా గొర్రెపిల్ల వేసి ఇచ్చాడు. ఆ వారమంతా నాకు హాయిగా ఉంది. ఒక ఇంటి పరువు కాపాడానని నిజంగానే అనుకున్నాను.

కాగితం ఊడిన రోజు

అది గురువారం. మధ్యాహ్నానికి ఆఖరి షీటు అతికించాం. మేనేజరు వచ్చాడు, అబ్లా మెట్లు దిగి వచ్చింది. ఎడమ వైపు నుంచి కాగితం తడిపి లాగుతూ వచ్చాం. యాభై అలలు బయటపడగానే అబ్లా చప్పట్లు కొట్టింది. ఇంద్రధనుస్సు దగ్గర ఆమె కళ్లు తడిశాయి. తరవాత కుడి వైపు చూసింది. చప్పట్లు ఆగిపోయాయి.

"లేష్?" అంది. ఎందుకు అని. అరిచి అడగలేదు. గోడ దగ్గరికి వచ్చి బూడిదపచ్చ పాయ మీద వేలు పెట్టి, మళ్లీ అదే మాట మేనేజరుని అడిగింది. కేతో పోంటస్ కూతురు, తన బొమ్మలో అలాగే ఉంది, ఇది తన గోడ కాదు అంది. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా పైకి వెళ్లిపోయింది.

మేనేజరు నేల మీది తడి కాగితాలు కాలితో కదిపాడు. గొర్రెపిల్లలు నాలుగూ కనిపించాయి. ఓబులేసు వైపు తిరిగి హిందీలో అరిచాడు. నీలానికీ పచ్చకీ తేడా తెలియనివాణ్ణి ఎడారి నుంచి తెచ్చి నెత్తిన పెట్టుకున్నానన్నాడు. తరవాత నాతో, "వీడి కాగితం మీద సంతకం పెట్టను. ఖలాస్. ఆదివారం పాత కఫీల్ దగ్గరికి పంపించెయ్" అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది, కానీ రాయకపోతే మిగిలినదంతా రాసి ప్రయోజనం లేదు. గమ్ము ఇంకా పచ్చిగానే ఉంది. నోరు విప్పితే సాయంత్రానికి ఆ పాయ మార్చేసేవాళ్లం. ఓబులేసు నా వైపు ఒక్కసారి చూశాడు. తరవాత వంగి తడి కాగితాలు ఏరి గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు

ఎందుకు చెప్పలేదంటే భయం. ఫోర్‌మన్ పని పోతుందన్న భయం కొంత. అసలు భయం అది కాదు. వరసల సత్తిబాబు వరస తప్పాడని మహబూలాలో చెప్పుకుంటారని. రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఒక మనిషిని ఎడారికి పంపడానికి ఇంత చిన్న కారణం సరిపోయింది నాకు.

సాకులకి కొదవ లేదు. వాడు ఇంకాస్త గట్టిగా అడగాల్సింది అనుకున్నాను. అబ్లా ముందే వివరంగా చెప్పాల్సింది అనుకున్నాను. వాడికి ఎడారి అలవాటే కదా అని కూడా అనుకున్నాను. ఆ చివరిది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

శుక్రవారం భోజనాలయ్యాక గుంటూరు మనిషి ఒకాయన ఫోను పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. చెల్లెలి కొడుక్కి సంబంధం, పిల్ల తల్లి వీళ్ల పెదనాన్న మనవరాలు. నాకు అది రెండు వేళ్ల మీద తేలిపోయే లెక్క. ఓబులేసు గది మూల నేల మీద కూర్చుని బ్యాగుకి తాడు కడుతున్నాడు. గొర్రెల దగ్గరికి పనికొస్తాయని పాత కంబళ్లు రెండు అడిగి తెచ్చుకున్నాడు. వాణ్ణి చూస్తూ ఆ గుంటూరాయనతో, "నాకు తెలీదండీ, మీవాళ్లనే అడగండి" అన్నాను. గదిలో అందరూ నా వైపు చూశారు. ఓబులేసు కూడా తలెత్తి చూసి, మళ్లీ ముడి వేసుకున్నాడు.

శనివారం మిగతా గోడకి సందులు నింపే పని ఉండి అబ్లా ఇంటికి ఒక్కణ్ణే వెళ్లాను. నీరియస్ పాయ దగ్గర స్పాంజితో తుడుస్తున్నాను. అబ్లా టీ తెచ్చింది. కోపం తగ్గినట్టుంది, లేదా పెద్దమనిషి కాబట్టి కనిపించనివ్వలేదు. నేను తుడుస్తున్న పాయ చూపించి, ఐదుగురిలో పెద్దవాడు ఇతనే అని చెప్పింది. గ్రీకులు ఇతన్ని ముసలాయన అనే పిలిచేవారట. వయసు వల్ల కాదట. అబద్ధమాడడు, న్యాయం మరిచిపోడు, అందుకట. ఆమెకి నా సంగతి తెలియదు, మామూలుగా పాఠం చెబుతోంది. నా చేతిలో స్పాంజి నుంచి నీళ్లు కారి చొక్కా చెయ్యి తడిసిపోయింది.

"అబ్లా, ఆ పాయ మార్చింది నేను" అన్నాను. నాకొచ్చిన వర్క్‌షాపు అరబ్బీలో మొదటి నుంచీ చెప్పాను. మా వైపు పెళ్లిళ్లెలా చేస్తారో, ఎవరు ఎవరిని చేసుకోవచ్చో, ఓబులేసు అడుగుదామంటే నేనెలా కసిరానో అన్నీ చెప్పాను. తప్పు ఒప్పుకోవడానికి నాకు భాష చాలదని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ణి. సరిపోయింది.

అబ్లా ఏమంది

టీ కప్పు కింద పెట్టి గోడ వైపు తిరిగింది. "మరి నువ్వు ఆ అమ్మాయిని ఎవరింటికి పంపావో తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"ఓషియానస్ కూడా గాయా కొడుకే. డోరిస్ తల్లి టెథిస్ గాయా కూతురు. వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లే."

ఏ ఇంటి నుంచి తప్పించి తెచ్చానో అలాంటి ఇంట్లోనే కేతోని దించాను. అబ్లా నవ్వింది. అంత పెద్ద మనిషి నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, గురువారం తరవాత మొదటిసారి.

తరవాత నింపాదిగా చెప్పింది. వీళ్లు మనలాంటి మనుషులు కారు, సముద్రంలో ఉన్నవాటికి పెట్టిన పేర్లు. నీరియస్ దాని మంచితనం. థౌమస్ దాని వింత. యూరిబియా దాని బలం. ఫోర్కిస్ లోతుల్లో దాగి ఉన్న ప్రమాదం, కేతో ఆ లోతుల్లో తిరిగే పెద్ద జంతువు. "ఆ రెండింటికీ బయటి నుంచి పిల్లనెవరిస్తారు, పిల్లాణ్ణెవరిస్తారు?" అంది. పుట్టుకతోనే తల నెరిసిన కూతుళ్లు, జుట్టు బదులు పాములున్న కూతుళ్లు వాళ్లకే పుట్టారట. కేతోని నదికి అంటగడితే, సముద్రంలోని భయం ఎక్కడో బయటి నుంచి వచ్చిందని పిల్లలు అనుకుంటారు. అది దానిలోనిదే అని వాళ్లకి తెలియాలి.

"నీకు అది తప్పనిపించడం తప్పు కాదు" అంది. "నాకు గీయడం రాదనుకుని జాలిపడ్డావే, అది తప్పు. అడిగుంటే ఇదంతా ఆ రోజే మాట్లాడుకునేవాళ్లం. నాకు ఇలా అడిగేవాళ్లే కరువు."

అక్కణ్ణుంచే మేనేజరుకి ఫోను చేశాను. తన పదిహేనేళ్ల సర్వీసులో ఇంత తెలివితక్కువ ఫోర్‌మన్‌ని చూడలేదన్నాడు. నిజమే కాబట్టి విన్నాను. ఓబులేసు సంతకం సంగతి ఎత్తితే తరవాత చూద్దామన్నాడు. అబ్లా చెయ్యి చాపి ఫోను తీసుకుంది. గోడ మళ్లీ చేసేది ఈ ఇద్దరే, వేరేవాళ్లు వస్తే తలుపు తియ్యను, ఆ రెండోమనిషి ఆదివారం పొద్దున్నే ఇక్కడ ఉండాలి అని చెప్పింది. బడి పిల్లాడితో మాట్లాడే గొంతది. అవతల మేనేజరు సరే సరే అనడం నాక్కూడా వినిపించింది.

ఫ్లాటుకి వెళ్లి ఓబులేసుకి చెప్పాను. వాడు బ్యాగుకి కట్టిన తాడు విప్పాడు. సోమవారం సంతకం పడింది.

పదకొండు రోజులు

పచ్చి గమ్ము మీద ఒక్క సాయంత్రం పట్టే పని పదకొండు రోజులు పట్టింది. పక్క పాయలు చెదరకుండా ఒక్కొక్క ముక్కనీ చిన్న ఉలితో తవ్వాలి. ఉస్తాద్ సమీర్ వ్యానులో చెప్పింది పని గురించి మాత్రమే కాదని నాకు మూడో రోజు తెలిసింది. ముంజేతులు వాచిపోయాయి. నన్ను ఏడాదిపాటు ఫోర్‌మన్ బల్ల నుంచి తీసి కొరికే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అది న్యాయంగానే ఉంది. నేను చెయ్యని తప్పుకి వేసి ఉంటే ఏడ్చేవాణ్ణి, చేసినదానికి వేశారు కాబట్టి నిద్ర పట్టింది.

ఓబులేసు నా పక్కనే కూర్చుని తవ్వాడు. ఐదో రోజో ఆరో రోజో అడిగాను. "ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వే చెప్తావనుకుంటి అన్నా."

"చెప్పకపోయుంటే?"

"గొర్రెలుండాయి గదా. నన్ను మర్చిపోయుంటాయా అవి?"

నవ్వుతూనే అన్నాడు. నేను ఉలి పక్కన పెట్టి ముఖం తుడుచుకున్నాను. వాడు తన పని ఆపలేదు.

"భయం లేదన్నా నాకు. శుక్రవారం ఆ గుంటూరాయన వరస అడిగితే తెల్దంటివే, ఆ పొద్దే అనుకుంటి. ఈయప్ప రేపు చెప్తాడు అని."

గోడ పూర్తయ్యాక కేతో పాయ పోంటస్ నుంచి బయల్దేరి ఫోర్కిస్ పాయలో కలిసింది. నీలంలో నీలం. అబ్లా మళ్లీ చప్పట్లు కొట్టింది. పిల్లలు మొదటిసారి వచ్చిన రోజున మమ్మల్నిద్దర్నీ పిలిచి వాళ్ల ముందు నిలబెట్టింది. గోడలో ఒక తప్పు జరిగిందని, ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పింది. పిల్లలు గట్టిగా నవ్వారు. ఒక పాప మాత్రం చెయ్యెత్తి, మీ వైపు ఎవరు ఎవరిని చేసుకోవాలో చెప్పమంది. వరసల సత్తిబాబు మళ్లీ పనిలో పడ్డాడు. అరగంట చెప్పాను, అబ్లా కూడా రాసుకుంది.

ఇక మీకు

ఈ పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పేది చాలా తక్కువ. బొమ్మ తప్పనిపిస్తే అడగండి. మీరే తెలివైనవాళ్లని అనిపించిన రోజున రెండుసార్లు అడగండి. మీ చేతి కిందివాడు ఫోను చేద్దామంటే చెయ్యనివ్వండి. తప్పు చేస్తే గమ్ము పచ్చిగా ఉండగా ఒప్పుకోండి. అప్పటికి దాటిపోయినా ఒప్పుకోండి, తవ్వడానికి ఉలి ఉంటుంది.

ఓబులేసు ఇప్పుడు నా కుర్చీలో ఫోర్‌మన్. షీట్ల మీద ఇంకా గొర్రెపిల్లే వేస్తాడు. నా ఆఖరి రోజున చెప్పి వెళదామని బ్యాగు పట్టుకుని వాడి బల్ల దగ్గరికి వెళ్లాను. కొత్త బొమ్మ పరుచుకుని వాడు ఫోనులో ఉన్నాడు. ఏదో విల్లా వాకిట్లో ఖర్జూరం చెట్టు, అందులో ఒక గెల కిందికి కాకుండా పక్కకి వేలాడుతోంది. వాడి అరబ్బీ నా అరబ్బీ కంటే అధ్వానం. "మేడం, ఈ గెల ఇట్లే కావాలనా, లేకుంటే చెయ్యి జారిందా? కోపం వద్దు, ఊరికే అడుగుతాండా" అని అర్థమొచ్చేలా ఏదో అంటున్నాడు. అవతలావిడ విసుక్కుంటున్నట్టుంది. వాడు వదలకుండా మళ్లీ అడిగాడు.

బయట వ్యాను డ్రైవరు హారన్ కొడుతూ యల్లా యల్లా, పద పద అని తొందరపెడుతున్నాడు. ఓబులేసు నన్ను చూసి, చూపుడు వేలెత్తి ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఫోను పెట్టెయ్యలేదు. నేను బ్యాగు కింద పెట్టి, వాడికి జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.